పాత తరహా విమానానికి ఏ ఇంజన్? ఎయిర్ క్యాంపర్ ఆధారంగా ఒక సమీక్ష

పాత తరహా విమానమంటే కర్ర చట్రం, దానిమీద గుడ్డ తొడుగు, పైకప్పు లేని కాక్‌పిట్, గంటకు 110–130 కిలోమీటర్ల తీరుబడి ప్రయాణం. అమెరికా, బ్రిటన్‌లలో ఇలాంటి విమానాన్ని ఇంటి షెడ్డులో సొంతంగా కట్టుకునే అలవాటుకు దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది. చట్రం విషయంలో కట్టేవాళ్ల మధ్య పెద్ద పేచీ లేదు. నక్షలు దొరుకుతాయి, స్ప్రూస్ కలప దొరుకుతుంది, ఏ జిగురు నిలుస్తుందో చాలావరకు తేలిపోయింది. పేచీ అంతా ఇంజన్ దగ్గరే. ఒకరు ధర చూస్తారు, ఇంకొకరు రూపం చూస్తారు, మరొకరు గాలిలో ఆగిపోతే గతేమిటని అడుగుతారు. ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామనుకోవడంతో వాదన ముదురుతుందే తప్ప తెమలదు.

ఈ వాదనను పరిశీలించడానికి పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్‌కు మించిన ఉదాహరణ లేదు. ఇద్దరు ముందూ వెనకా కూర్చునే ఈ విమానానికి ఒకటే రెక్క. అది శరీరానికి అంటుకోకుండా, తలమీద గొడుగులా ఊతకర్రలపై నిలబడి ఉంటుంది. కారు ఇంజన్లు, విమాన ఇంజన్లు, సిలిండర్లు వృత్తాకారంగా అమరిన రేడియళ్లు, గేరుబాక్సు ఉన్న కొత్త ఇంజన్లు అన్నీ దీని ముక్కుకు బిగించి ఎగిరినవాళ్లున్నారు. ఒకే చట్రం మీద ఇన్ని పరీక్షలు జరిగిన విమానాలు అరుదు.

చెర్రీ గ్రోవ్‌లో మొదలైన తగవు

సొంత విమానపు నక్షలు జనంలోకి వచ్చింది 1910లో, పాపులర్ మెకానిక్స్ పత్రిక శాంటోస్-డ్యూమాంట్ రూపొందించిన డెమాయిసెల్ విమానం కొలతలను అచ్చువేసినప్పుడు. ఇంజన్ ఎక్కడినుంచి తేవాలన్న సమస్య కూడా అప్పటిదే. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో కర్టిస్ ఓఎక్స్-5 ఇంజన్లు గుట్టలుగా మిగిలాయి. నిమిషానికి 1400 చుట్ల దగ్గర 90 హార్స్‌పవర్ ఇచ్చే, నీటితో చల్లబడే ఆ ఇంజన్ చవకే గాని, దాని బరువు 175 కిలోలకు పైమాట. చిన్న విమానం దాన్ని మోయలేదు. అందుకే షికాగోలో ఎడ్ హీత్ తన పారాసోల్ విమానానికి హెండర్సన్ మోటార్‌సైకిల్ ఇంజన్ బిగించాడు. అది ఒక్క మనిషిని మాత్రమే లేపగలిగింది.

మినెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ ఇదే చిక్కును మరో దిక్కునుంచి చూశాడు. మొదట ఫోర్డ్ మోడల్ టి ఇంజన్‌తో ప్రయత్నించి, తర్వాత మోడల్ ఎ కారు ఇంజన్‌తో 1929లో ఎయిర్ క్యాంపర్‌ను ఎగరేశాడు. 3.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఆ ఇంజన్ కారులో 2200 చుట్ల దగ్గర 40 హార్స్‌పవర్ ఇచ్చేది. కారు ఇంజన్‌తో విమానం నడవదని మోడరన్ మెకానిక్స్ పత్రిక సంపాదకుడు వెస్టన్ ఫార్మర్ రాయగా, పీటెన్‌పోల్ 1930లో రెండు విమానాలను మినియాపొలిస్ దాకా ఎగరేసుకుని వెళ్లి చూపించాడు. ఫార్మర్ మాట వెనక్కి తీసుకోవడమే కాక, 1932లో నక్షలను ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యువల్‌లో అచ్చువేశాడు. పంట కోతల మధ్య తీరిక దొరికిన పల్లెటూరి కుర్రాడు సైతం పాత కారు ఇంజన్‌తో ఎగరగలడన్న ఆశ అక్కడ పుట్టింది.

1930ల చివరికి అనేక రాష్ట్రాలు లైసెన్సు లేని విమానాలపై ఆంక్షలు పెట్టడంతో ఈ ఉద్యమం చల్లబడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నిబంధనలు సడలి, 1953లో పాల్ పొబెరెజ్నీ నాయకత్వాన సొంత విమానాలవాళ్ల సంఘం ఈఏఏ ఏర్పడేనాటికి సంతలో సరుకే మారిపోయింది. పైపర్ కబ్ వంటి విమానాల కోసం లెక్కకు మించి తయారైన కాంటినెంటల్ ఏ-65 ఇంజన్లు చవకగా దొరికాయి. ఫోర్డ్‌ను దాదాపు అందరూ వదిలేశారు. 1959 చివర్లో షెవ్రొలె కోర్వెయిర్ కారు వచ్చాక గాలితో చల్లబడే దాని ఇంజన్‌ను మొదట విమానానికి ఎక్కించినవాళ్లలో పీటెన్‌పోల్ ఒకడు కావడం గమనించదగిన విషయం. ఫోర్డే శాశ్వతమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ మాట ఆయన పేరు చెప్పుకునే భక్తులదే.

ప్రొపెల్లర్ ఏం కోరుతుంది

ఇంజన్ల పోలికలు సాధారణంగా హార్స్‌పవర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. నెమ్మదిగా ఎగిరే, గాలికి బాగా అడ్డుపడే విమానానికి అది సరైన కొలత కాదు. అలాంటి విమానాన్ని ముందుకు లాగాలంటే ఎక్కువ గాలిని కొద్ది వేగంతో వెనక్కి నెట్టాలి. అందుకు పెద్ద ప్రొపెల్లర్ కావాలి, అది నెమ్మదిగా తిరగాలి.

ఫోర్డ్ మోడల్ ఎ ఇంజన్ 76 అంగుళాల ప్రొపెల్లర్‌ను 1750 చుట్ల వేగంతో నేరుగా తిప్పుతుందనుకుంటే, ఆ ప్రొపెల్లర్ ఊడ్చే వృత్తం వైశాల్యం 2.9 చదరపు మీటర్లు. అంచు వేగం సెకనుకు 177 మీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌కు తన పూర్తి శక్తి చూపడానికి 3400 చుట్లు కావాలి. ఆ వేగానికి 54 అంగుళాల ప్రొపెల్లరే సరిపడుతుంది. వృత్త వైశాల్యం 1.5 చదరపు మీటర్లకు పడిపోతుంది, అంచు వేగం సెకనుకు 244 మీటర్లకు ఎక్కుతుంది. కాగితం మీద ఫోక్స్‌వ్యాగన్‌ది 60 హార్స్‌పవర్, ఫోర్డ్‌ది 40 కావచ్చు. పరుగు మొదలుపెట్టే చోట, చెట్లమీదుగా ఎక్కే చోట ఆ తేడాలో చాలాభాగం ఆవిరవుతుంది. సన్నని ఒంటికూర్పు గల చిన్న విమానాల్లో పేరు తెచ్చుకున్న బీటిల్ ఇంజన్, రెండు సీట్ల ఎయిర్ క్యాంపర్‌లో ఆయాసపడడానికి కారణం ఇదే.

శక్తి పెంచుకుంటూ పోయినా వేగం ఆ లెక్కన పెరగదు. గాలి అడ్డును దాటడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 65 నుంచి 100 హార్స్‌పవర్‌కు వెళ్తే వేగం మహా అయితే 15 శాతం పెరుగుతుంది. అదనపు శక్తి ఉపయోగపడేది ఎక్కే చోట. ఎండ రోజున ఆ ఉపయోగం చిన్నది కాదు. ఉష్ణోగ్రత 15 నుంచి 35 డిగ్రీలకు పోతే గాలి సాంద్రత ఆరు శాతానికి పైగా తగ్గుతుంది. ఇంజన్ బలం, రెక్క పట్టు, ప్రొపెల్లర్ లాగుడు మూడూ కలిసి తగ్గుతాయి. మినెసోటా చల్లగాలిలో ఇద్దరిని లేపిన 40 హార్స్‌పవర్, టెక్సస్ వేసవిలో ఒక్కడికే చాలుతుంది.

ముక్కు మీది తూకం

వాదనలన్నిటిలో అతి తక్కువ మాట్లాడుకునేదీ, కట్టేవాణ్ని అతి ఎక్కువ ఇబ్బందిపెట్టేదీ బరువు. తేలికైన ఇంజన్ మంచిదని అందరూ అనుకుంటారు. అయితే ముక్కు పొడవు ఒక ఇంజన్ కోసం గీసి ఉన్నప్పుడు ఇంకో తేలికైన ఇంజన్ బిగిస్తే విమానం తోకబరువవుతుంది. తోకబరువైన విమానం అదుపుకు లొంగదు.

ఫోర్డ్ ఇంజన్ బరువు సుమారు 110 కిలోలు, రేడియేటర్, నీళ్లు అదనం. కాంటినెంటల్ ఏ-65 సుమారు 77 కిలోలు. లెక్క తేలిక కోసం ఫోర్డ్ ఇంజన్ గురుత్వ కేంద్రానికి 1.2 మీటర్ల ముందు ఉందనుకుందాం. దాని బరువు, దూరాల లబ్ధం 132. అదే లబ్ధం ఏ-65 ఇవ్వాలంటే 1.7 మీటర్ల ముందుకు పోవాలి. అంటే ముక్కు అరమీటరు సాగాలి. అంత సాగిన ముక్కు చూడడానికి కొంగ మెడలా ఉంటుంది.

ఎయిర్ క్యాంపర్‌లో దీనికి మరో దారి ఉంది. రెక్కను మోసే ఊతకర్రలను వెనక్కి వాల్చి రెక్కనే జరుపుతారు. మనుషులతో కలిపి 450 కిలోలున్న విమానంలో రెక్కను 9 సెంటీమీటర్లు జరిపితే బరువు, దూరాల లబ్ధంలో దాదాపు 40 సర్దుకుంటుంది. ఇంజన్ మార్పుతో పోయిన తేడా కూడా సుమారుగా అంతే. రెక్క తన సొంత బరువును కూడా వెనక్కి తీసుకుపోతుంది కనుక లాభం కొంత తగ్గుతుంది. మిగిలింది ముక్కును కాస్త పొడిగించి పూడుస్తారు. పైలట్ వెనక సీట్లో కూర్చుంటాడు కాబట్టి, బరువైన పైలట్ ఈ లెక్కను మళ్లీ చెడగొడతాడు. అమెరికాలోని బ్రాడ్‌హెడ్ అనే ఊళ్లో ఏటా జరిగే పీటెన్‌పోల్ విమానాల కలయికలో ఊతకర్రలు నిటారుగా ఉన్నవీ, వెనక్కి వాలినవీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ వాలు చూసి ముక్కులో ఏ ఇంజన్ ఉందో అనుభవజ్ఞులు ఊహించగలరు. రెండు రెక్కల హాట్జ్ సీబీ-1 వంటి విమానాలకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఇంజన్ మార్చితే బరువును ఇంకోచోట వెతుక్కోవలసిందే.

పక్షాలు, వాటి వాదనలు

ఫోర్డ్ పక్షం బలం నెమ్మదైన ప్రొపెల్లర్, దానికి తోడు రూపం. ముక్కుమీద నిటారుగా నిలిచే ఇంజన్, దాని వెనక పైలట్ కళ్లెదుట అడ్డంగా నిలబడే రేడియేటర్ లేకపోతే ఎయిర్ క్యాంపర్ అసలు ఎయిర్ క్యాంపర్ కాదని వీళ్ల భావన. 4.22 కుదింపు నిష్పత్తి గల ఈ ఇంజన్ ఎంత నాసిరకం పెట్రోలైనా తాగుతుంది. బలహీనతలూ అంతే స్పష్టం. బేరింగులు తెల్లలోహం కరిగించి పోసినవి. కారులో చమురు పైనుంచి జారుడుతోనూ, అడుగున కనెక్టింగ్ రాడ్ల చిమ్ముడుతోనూ అందేది. విమానంలో దానికి పీడనంతో నడిచే గొట్టాలు వేయక తప్పదు. జ్వలనకు ఒక్కటే మాగ్నెటో, సిలిండర్‌కు ఒక్కటే ప్లగ్గు. రేడియేటర్‌కు చిన్న చిల్లు పడితే దిగడానికి పొలం వెతుక్కోవాలి. 1932 నాటి మోడల్ బి ఇంజన్ 50 హార్స్‌పవర్, మెరుగైన క్రాంక్‌షాఫ్ట్‌తో కొన్ని లోపాలను తీర్చింది గాని, అన్నిటినీ కాదు.

కాంటినెంటల్ పక్షం వాదన చిన్నది, గట్టిది. ఇవి విమానం కోసమే పుట్టిన ఇంజన్లు. రెండు మాగ్నెటోలు, సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, గేరు లేకుండా ప్రొపెల్లర్‌ను నేరుగా తిప్పడం. ఏ-65 2300 చుట్ల దగ్గర 65 హార్స్‌పవర్ ఇస్తుంది. సి-85 2575 చుట్ల దగ్గర 85, ఓ-200 2750 చుట్ల దగ్గర 100. ఓ-200 చాలా ఏళ్లు సెస్నా 150 శిక్షణ విమానాలను మోసింది కనుక దాని జబ్బులన్నీ మెకానిక్‌లకు కంఠతా వచ్చు. అమెరికా నిబంధనలు కూడా ఈ పక్షానికి కొంత మొగ్గుతాయి. ధ్రువీకరణ ఉన్న ఇంజన్-ప్రొపెల్లర్ జోడీతో కట్టిన విమానానికి తొలి పరీక్షా కాలం సాధారణంగా 25 గంటలు, లేనిదానికి 40. ఇబ్బంది వయసు. చివరి ఏ-65 తయారై దశాబ్దాలు దాటింది. మంచి క్రాంక్‌షాఫ్ట్, పగుళ్లు లేని కేసు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. "నిరుడు ఓవర్‌హాల్ చేయించాం" అన్న మాటకు కాగితాలు చూపించమని అడగాలి. స్టార్టర్ లేని ఏ-65ను చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. చక్రాలకు అడ్డు పెట్టి, తోక తాడుతో కట్టి, కాక్‌పిట్‌లో తెలిసిన మనిషిని కూర్చోబెట్టకుండా ఆ పని చేసినవాళ్లు చేతులు పోగొట్టుకున్నారు. చల్లని, తేమ గాలిలో దీని కార్బురేటర్‌లో మంచు కట్టుకోవడం మామూలు. కార్బురేటర్ వేడి చేసే ఏర్పాటు లేకుండా కాంటినెంటల్ బిగించడం తెలిసి చేసే తప్పు.

కోర్వెయిర్ పక్షం ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. ఆరు సిలిండర్లు ఎదురెదురుగా పడుకునే ఈ అల్యూమినియం ఇంజన్ 2.7 లీటర్ల రూపంలో సుమారు 100 హార్స్‌పవర్ ఇస్తుంది. బరువు ఫోర్డ్‌కు దగ్గరగా ఉండడంతో ముక్కు మరీ సాగనక్కర్లేదు. కార్ల భద్రతపై రాల్ఫ్ నేడర్ 1965లో రాసిన పుస్తకంతో కారు పరువు పోయినా, అక్కడి ఆరోపణలు సస్పెన్షన్ మీద, ఇంజన్ మీద కావు. అసలు లోపం 2000ల దశకంలో బయటపడింది. ప్రొపెల్లర్ వైపు క్రాంక్‌షాఫ్ట్‌లు విరిగాయి. కారులో ఆ చివర క్లచ్చునే మోసింది. విమానంలో అది ప్రొపెల్లర్ వంపు బలాలను మోయాలి, మలుపు తిరిగినప్పుడల్లా అవి దాన్ని వంచుతాయి. నైట్రైడింగ్ చేసి పైపొరను గట్టిపరచడం, ముందువైపు ఐదో బేరింగ్ జోడించడం అన్న రెండు మందులు విలియం విన్ వంటివారి కృషితో స్థిరపడ్డాయి. ఐదో బేరింగ్ లేని కోర్వెయిర్‌ను ఇప్పుడు సమర్థించడం కష్టం.

రొటాక్స్ 912 పక్షం కొత్తతరానిది. ఆస్ట్రియాలో తయారయ్యే ఈ ఇంజన్ 5800 చుట్లు తిరిగినా, 2.43 నిష్పత్తి గేరుబాక్సు వల్ల ప్రొపెల్లర్ 2400 దరిదాపుల్లోనే తిరుగుతుంది. ప్రొపెల్లర్ సమస్య ఇలా తీరింది. బరువు సమస్య పెరిగింది: సుమారు 60 కిలోల ఇంజన్ కోసం ముక్కు ఇంకా సాగాలి. ధర కూడా మిగతా విమానమంతటికీ అయిన ఖర్చును మించిపోవచ్చు. పాత తరహా ముక్కు కింద ఈ ఇంజన్‌ను దాచి, పైకి ఉత్తుత్తి రేడియేటర్ అతికించే కట్టేవాళ్లనూ చూస్తాం. అది కొందరికి తెలివి, కొందరికి వేషం.

రేడియల్ పక్షం ఎక్కువగా యుద్ధకాలపు విమానాల నకళ్లను కట్టేవాళ్లది. ఆస్ట్రేలియాలోని రోటెక్, చెక్ దేశంలోని వెర్నర్ సంస్థలు కొత్తగా చిన్న రేడియళ్లు తయారుచేస్తున్నాయి. ఏడు సిలిండర్ల రోటెక్ ఆర్2800 110 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ రూపం, ఆ చప్పుడు మరే ఇంజన్‌కూ రావు. కింది సిలిండర్లలోకి చమురు జారి నిలిస్తే స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే ఎగిరే ముందు ప్రతిసారీ ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ ఇంజన్‌ది వేరే సంగతి. అందులో క్రాంక్ కదలదు, సిలిండర్లతో సహా ఇంజనంతా తిరుగుతుంది, ఆముదం కాలుస్తూ దాన్ని పైలట్ మొహాన చిమ్ముతుంది. న్యూజీలాండ్‌లో గ్నోమ్ ఇంజన్లను మళ్లీ తయారుచేస్తున్నారు గాని, అవి ప్రదర్శనలకు తగినవి, ఆదివారం షికార్లకు కావు.

ఏది ఎక్కువ నమ్మదగింది?

ఈ ప్రశ్నకు అన్ని పక్షాలూ ఉదాహరణలు చెబుతాయి, లెక్కలు చెప్పవు. సొంత విమానాలపై అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో వెలువరించిన అధ్యయనం, వాటి ప్రమాదాల్లో ఇంజన్ వైఫల్యాలు ముందువరుసలో ఉన్నాయని తేల్చింది. ఫలానా ఇంజన్ ఫలానా దానికంటే ఎంత మేలో చెప్పడానికి అది చాలదు. ఎన్ని ఫోర్డ్‌లు, ఎన్ని కోర్వెయిర్‌లు ఏటా ఎన్ని గంటలు ఎగురుతున్నాయో లెక్క లేనప్పుడు ఎన్ని ఆగిపోయాయో తెలిసినా ఉపయోగం లేదు.

కారు ఇంజన్ల మార్పిడిలో ఆగిపోవడం చాలాసార్లు ఇంజన్ లోపల కాదు, దాని చుట్టూ జరుగుతుంది: ఇంధనం గొట్టం, జ్వలన వ్యవస్థ, చల్లబరిచే ఏర్పాటు, గేరు తగ్గింపు. ఇవన్నీ కట్టేవాడు స్వయంగా అమర్చేవి. కాంటినెంటల్ బిగించేవాడు కూడా ట్యాంకునుంచి కార్బురేటర్ దాకా ఇంధనం దారిని సొంతంగానే వేస్తాడు కాబట్టి, ధ్రువీకరణ కాగితం ఆ భాగాన్ని కాపాడదు. ఎయిర్ క్యాంపర్‌కు ఉన్న పెద్ద ఊరట వేరే. నెమ్మదిగా దిగే ఈ విమానం పచ్చిక బయలు చాలినంత ఉంటే మనిషిని బతికించే అవకాశం ఎక్కువ. ఫోర్డ్ పక్షం తమ ఇంజన్ మీద పెట్టే నమ్మకంలో కొంత నిజానికి ఈ రెక్కకు చెందినది.

తేలనివి

ఇంధనం ఒకటి. అమెరికాలో సీసం కలిసిన విమాన పెట్రోల్‌ను 2030 నాటికి తప్పించాలన్నది లక్ష్యం. తక్కువ కుదింపు గల ఏ-65, ఫోర్డ్ ఇంజన్లకు సీసం అక్కర్లేదు కనుక వాటికిది పెద్ద దెబ్బ కాదు. ఇథనాల్ కలిసిన కారు పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలనూ, కార్క్ ఫ్లోట్‌లనూ, ట్యాంకు పూతలనూ తినేస్తుందన్నది వేరే బెడద. విడిభాగాలు మరొకటి. పాత కాంటినెంటల్‌లు తరిగిపోయేకొద్దీ కారు ఇంజన్ల వాదన మళ్లీ బలపడుతుందా, లేక గేరుబాక్సు ఇంజన్లే మిగులుతాయా అన్నది తేలలేదు. విద్యుత్ మోటారు నెమ్మదైన పెద్ద ప్రొపెల్లర్‌కు సహజంగా సరిపోతుంది. బ్యాటరీ బరువు మాత్రం ఈ తరగతి విమానాన్ని ఇప్పటికి నేలకే కట్టిపడేస్తోంది.

ఎంపిక

ఇద్దరితో ఎగరదలచినవాళ్లకు పత్రాలు సరిగ్గా ఉన్న సి-85 లేదా ఓ-200 ఇప్పటికీ మొదటి మాట. తక్కువ ఖర్చుతో, చేతులు మురికి చేసుకోవడానికి సిద్ధపడినవాళ్లకు ఐదో బేరింగ్ ఉన్న కోర్వెయిర్. చల్లని ప్రాంతంలో, తేలికైన మనుషులకు, ఎగరడం కంటే ఆ ఇంజన్ చప్పుడే ముఖ్యమైనవాళ్లకు ఫోర్డ్. రెండు సీట్లతో ఎగరాలనుకుంటే బీటిల్ ఇంజన్‌ను పక్కన పెట్టడమే మంచిది. రొటాక్స్ మంచి ఇంజనే, కానీ ముక్కు దాని కోసమే గీసిన విమానానికి.

చాలామంది ఈ ఎంపికను చివరికి వదిలేస్తారు. శరీరం పక్కలు జిగురు పెట్టి, కాక్‌పిట్ కట్టి, ఆ తర్వాత ఇంజన్ వెతుకుతారు. అప్పటికి ముక్కు పొడవు, ఊతకర్రల వాలు, ట్యాంకు చోటు అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి. ఇంజన్‌ను షెడ్డులోకి తెచ్చి, బిగించబోయే వస్తువులన్నిటితో తూకం వేసి, ఆ అంకెను రాసిపెట్టుకున్న తర్వాతే శరీరం పక్కలకు మొదటి కర్ర కోయండి.